నొప్పి ఉన్నవాళ్లే నొక్కాల్సిన బటన్

సిస్టరమ్మ పోయిందని మొన్న పొద్దున మా కంపెనీ గేటు దగ్గర తెలిసింది. పటాన్‌చెరు ఆసుపత్రిలో ఆమెతో పనిచేసిన ఆయా, షిఫ్టు బస్సు దిగుతున్న నన్ను ఆపి చెప్పింది. ఎలా పోయిందని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ నోరు నాలుగేళ్ల కిందటే రావాల్సింది.

మా అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మొదటిది మార్చినప్పుడు నొప్పికి తుంటి మీద సూది ఇచ్చేవారు. సూది పడితే నిద్ర, మందు దిగిపోతే మళ్లీ సూది వేళయ్యేదాకా అరుపులే. నేను వార్డు బయట చెవులు మూసుకుని నిలబడేవాణ్ణి. సిస్టరమ్మ మాత్రం అమ్మ మంచం వదిలేది కాదు. "ఒర్రు అవ్వా, సిగ్గేంది? నొప్పి దాసుకుంటే నాకెట్ల తెలుస్తది?" అనేది. జోగిపేట మనిషి, మాట కొంచెం గట్టిది.

ఏడాది తర్వాత రెండో మోకాలు మార్చేసరికి కొత్త మిషన్ వచ్చింది. వెన్నులో గొట్టం పెట్టి మందు ఎక్కించే పద్ధతీ ఉందిగానీ, అమ్మ వెన్ను వంగిపోయి ఉండటంతో కుదరలేదు. ఈ మిషన్ గొట్టం చేతి నరంలోకి పోతుంది. నొప్పి లేచినప్పుడు రోగి బటన్ నొక్కితే కొంచెం మందు ఎక్కుతుంది. డాక్టరు చెప్పిన మోతాదు మిషన్లో పెట్టింది సిస్టరమ్మే. బటన్ అమ్మ చేతికిచ్చి నా వైపు తిరిగింది.

"ఇది అవ్వనే ఒత్తుకోవాలె. నిద్రపోతే ఒత్తదు, మందు పోదు, గదే ఆమెకు కాపలా. నువ్వు ముట్టకు బిడ్డా."

అలాగే అన్నాను. కానీ మన ఇళ్లలో మంచాన పడ్డవాళ్లను ఏ పనైనా చేసుకోనిస్తామా? అమ్మకు ముద్ద పెట్టేది నేను, తల దువ్వేది నేను, ఒక్క బటన్ నొక్కితే ఏం మునిగిపోతుందనుకున్నాను. మధ్యాహ్నం అమ్మకు నిద్ర పట్టింది. లేస్తే మళ్లీ ఆ అరుపులు వినలేననిపించి, ఆమె చేతిలోంచి బటన్ తీసుకుని నొక్కాను. కాసేపాగి మళ్లీ నొక్కాను. ఎన్నిసార్లో గుర్తు లేదు.

సిస్టరమ్మ వచ్చేసరికి అమ్మ పెదాలు నల్లబడ్డాయి, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. మిషన్ ఆపింది, డాక్టరును కేకేసింది, ఆక్సిజన్ పెట్టింది. విరుగుడు సూది పనిచేసేదాకా అమ్మ రొమ్ము మీద పిడికిలితో రుద్దుతూ, గాలి పీల్చుకోమని పిలుస్తూనే ఉంది. అమ్మ బతికింది. ఇప్పటికీ సంతకు నడిచే పోతుంది, అది సిస్టరమ్మ పెట్టిన భిక్షే.

బటన్ ఎవరైనా ముట్టారా అని డాక్టరు అడిగాడు. లేదన్నాను. భయం, అంతే. మోతాదు తప్పుగా పెట్టిందని సిస్టరమ్మను ఆ వార్డు నుంచి తీసేశారు. పోతూ పోతూ నాకే చేతులు జోడించింది. "మాఫ్ చెయ్ బిడ్డా, నా చేతుల మీ అవ్వ పోతుండె" అంది. అప్పుడైనా చెప్పానా, చవటను!

నిన్న జోగిపేటలో సిస్టరమ్మ ఇంటికి వెళ్లాను. ఆమెకు పేగుల్లో క్యాన్సరట. ఆఖరి నెలలో నొప్పికి ఒంటి మీద అంటించుకునే పట్టీలు ఇచ్చారట. మోతాదు ఎక్కువైతే మనిషి పోతుందని, తన లెక్క మీద తనకే నమ్మకం లేదని, ఒక్కటీ అంటించుకోలేదని ఆమె కూతురు చెప్పింది.

అప్పుడు చెప్పాను, బటన్ నొక్కింది నేనని.

"గీ మాట పోయిన నెలల చెప్పినా అంటించుకుంటుండె అన్నా" అంది ఆ పిల్ల. ఖాళీ మంచం పక్కన, గూట్లో, పట్టీల ప్యాకెట్లు చింపకుండా అలాగే ఉన్నాయి.