పాలుకిచ్చిన గుడ్లు

పొదుగుకు వచ్చిన కోడి చేత పొదుగు మాన్పించడం ఎలాగో ఒకప్పుడు నేను నాలుగు ఊళ్లకు నేర్పాను. అంత శ్రద్ధగా ఇంకే మంచి పనీ చేసినట్టు నాకు గుర్తు లేదు.

అది యాభైల చివరి మాట. నాకు ఇరవై మూడేళ్లు. దేవరకొండ అవతలి మెట్ట పల్లెల్లో గ్రామసేవక్‌గా చేరాను. మాది మగ్గాల ఇల్లు. మా వాకిట్లో ఒక్క కోడి కూడా తిరిగేది కాదు. తిరిగితే పరిచిన పడుగు నూలు తొక్కుతుందని మా బాపు రాయి విసిరేవాడు. అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి ఆరు నెలలు ట్రైనింగులో కూర్చోబెట్టి, గోడకు తగిలించిన బొమ్మ మీద కోడి భాగాలన్నీ కర్రతో చూపించి, ఒక సైకిలిచ్చి పంపారు. ఆ బొమ్మలో కోడి కదలదు, పొడవదు, రెట్ట వేయదు. కోళ్ల సంగతి అంతా తెలిసిపోయిందని నేను నమ్మడానికి అది చాలింది.

నా పాఠం ఇదీ. కోడి పది పన్నెండు గుడ్లు పెట్టాక పొదుగుకు వస్తుంది. గంపలో కూర్చుని లేవదు, చేయి పెడితే ఒళ్లంతా ఉబ్బించి గుర్రుమంటుంది. కూర్చున్నన్నాళ్లూ గుడ్డు పెట్టదు. అంటే అది సోమరి కోడి. దేశానికి గుడ్లు కావలసిన రోజుల్లో అలాంటి కోడిని కూర్చోనివ్వడం తప్పు. ఊళ్లో అప్పటికే ఒక పద్ధతి ఉండేది. ఎక్కువ కోళ్లు ఒకేసారి పొదుగుకు వస్తే ఒకదాన్ని గుడ్ల మీద ఉంచి, మిగతా వాటి ముక్కు రంధ్రాల్లోంచి సన్నని ఈక దూర్చి వదిలేసేవారు. ఈక గిలికి కోడి రెండు రోజులు తల విదిలించుకుంటూ తిరిగి పొదుగు సంగతి మరిచిపోయేది. అది అనాగరికమని నేను మాన్పించాను. గోలెం నిండా నీళ్లు పెట్టించి, కోడిని రెక్కలు కలిపి పట్టుకుని, పొట్ట తడిసేలా మూడు రోజులు పూటకోసారి ముంచమన్నాను. ఒకదాన్ని ఉంచే మాట నా పాఠంలో లేదు.

మొదటి రోజే ఒక ఆడమనిషి నడుము మీద చేయి పెట్టుకుని అడిగింది. "ఓ సారూ, గుడ్ల మీద కోడి కూసోవద్దంటివి. మరి ఎవలు గూసోవాలె? నువ్వు గూసుంటవా?"

వాకిలంతా నవ్వింది. నేనూ నవ్వాను. పెద్దమనసుతో నవ్వానని అనుకున్నాను. తర్వాత వాళ్లు నా మాట విన్నారు. సర్కారు మనిషి రోజూ సైకిలేసుకుని వచ్చి అడుగుతుంటే ఎంతకాలమని వినరు?

రెండు నెలలకు బ్లాక్ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. తెల్ల సీమకోళ్ల, అంటే విదేశీ జాతి కోళ్ల గుడ్లు వస్తున్నాయి, ఊరికి పన్నెండు, నాటు కోడి కింద పెట్టి పొదిగించాలి. సీమకోడి తన గుడ్ల మీద తాను కూర్చోదట. కూర్చునే బుద్ధే లేకుండా చేశారట దానికి. ఆ పని మన కోడే చేయాలి.

నేను ఇల్లిల్లూ తిరిగాను. పొదుగు కోడి ఒక్కటీ లేదు.

"ముంచుమంటివి గద సారూ, ముంచినం," అన్నారు. "ఇప్పుడేమో కూసోవెట్టుమంటున్నవు. మా కోడికి ఏ మాట చెప్పాలె?"

చివరికి గొల్లవాడ కొసన ఒక అవ్వ ఇంట్లో దొరికింది. అవ్వకు ఇద్దరు కొడుకులు. ఇద్దరికీ గొర్లున్నాయి. పెనిమిటి పోయాక పెద్ద కోడలితో పొసగక, పాత గొర్ల కొట్టంలో వేరే పొయ్యి పెట్టుకుంది. కొడుకులు జొన్నలు కొలిచి ఇచ్చేవారు. ఉప్పూ మిరపకాయా దీపానికి గ్యాసునూనే మాత్రం తానే తెచ్చుకుంటానని పదిమందిలో చెప్పి బయటికొచ్చిన మనిషి. అవన్నీ ఆమెకు కోళ్ల మీదే వచ్చేవి. ఎండాకాలంలో తెగులొచ్చి కోళ్లన్నీ పోగా, మెడ మీద ఈకలు లేని ఒక ఎర్ర పెట్ట మిగిలింది. నెల రోజులు ఒక్క గుడ్డు కూడా తినకుండా కూడబెట్టి, తొమ్మిది గుడ్ల మీద దాన్ని కూర్చోబెట్టింది. ఆ పిల్లలు పెరిగితేనే ఆమె పొయ్యి నిలుస్తుంది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు.

"నువ్వు ముంచలేదా అవ్వా?" అన్నాను, తప్పు పట్టినట్టు.

"దానికి బుద్ధి వుట్టినప్పుడు కూసుంటది. బుద్ధి తీరినంక లేస్తది. నడుమ నేనెవలు, నువ్వెవలు?"

గంపలో ఊక పోసి, గుడ్ల పక్కన ఒక ఇనుప ముక్క, ఒక బొగ్గు పెట్టింది. ఉరుములకు గుడ్లు చెడకుండానట. నేను శాస్త్రం చెప్పబోయాను. ఆమె కోడికి నూకలు వేస్తూ వినలేదు.

నా గుడ్ల సంగతి చెప్పాను. నీ తొమ్మిదీ తీసెయ్, సర్కారువి పెడదాం అన్నాను. ఆమె చేతిలోని నూకలు దులుపుకుని అడిగింది.

"పాలుకిస్తవా?"

మా వైపు గొర్లనూ మేకలనూ పాలుకిచ్చే పద్ధతి ఉంది. ఒకరి జీవాన్ని ఇంకొకరు సాకితే, పుట్టిన పిల్లల్లో చెరిసగం. కాగితాలుండవు. మాటే ఉంటుంది.

"నీ గుడ్లు, నా కోడి, నా కష్టం. పిల్లలల్ల సగం నాయి. గట్లయితెనే."

"గట్లనే అవ్వా," అన్నాను.

"ఉత్తగ అనకు. గుడ్ల మీద చెయ్యి వెట్టి చెప్పు."

పెట్టి చెప్పాను. అప్పుడు నా సంచిలో ఒక కాగితం ఉంది. పిల్లలు ఎవరికి చెందాలో అందులో అంతకు వారం ముందే నేనే రాశాను. జాలీ కొట్టిన కోళ్ల గూడు ఉన్నవాళ్లకే ఇవ్వాలని నియమం. ఊళ్లో అలాంటి గూడు పటేలు ఇంట్లో ఒక్కటే ఉంది. అందులో ఆయన పొయ్యి కట్టెలు పెట్టుకునేవాడు. పటేలు పేరు నా చేతి రాతతోనే ఉంది. ఆ చేతినే గుడ్ల మీద పెట్టాను. తర్వాత ఏదో ఒకటి చూసుకోవచ్చులే అనుకున్నాను. ఆ 'తర్వాత' అనే మాటతో నా ఉద్యోగంలో సగం గడిచింది.

ఆమె తొమ్మిది గుడ్లనూ పక్క ఊళ్లో ఇంకో పొదుగు కోడి కింద పెట్టిస్తానని తీసుకుపోయాను. పక్క ఊళ్లో పొదుగు కోడి లేదు. అక్కడా పాఠం చెప్పింది నేనే. సాయంత్రానికి గుడ్లు చల్లబడ్డాయి. తోవ పక్క గుంటలో పారేశాను. అవ్వ అడిగితే, ఆ కోడి మంచిగానే కూర్చుందని చెప్పాను.

సీమ గుడ్లు మర్నాడే దేవరకొండ దాకా బస్సులో, అక్కడి నుంచి నా సైకిలు వెనక గంపలో, రాళ్ల బాటలో వచ్చాయి. దారిలో అవి ఎంత కదిలిపోయి ఉంటాయో బొమ్మలో చెప్పలేదు. అవ్వ ఒక్కొక్కటీ వెలుగుకు పెట్టి చూసి, పెదవి విరిచి, కోడి కింద పెట్టింది. కోడి మాత్రం ఏమీ అడగలేదు. తనవి కాని గుడ్లను ముక్కుతో ఒక్కొక్కటే పొట్ట కిందికి దొర్లించుకుని సర్దుకుని కూర్చుంది.

అప్పటికే ఐదు రోజులు కూర్చున్న కోడి మళ్లీ మొదటి నుంచి ఇరవై ఒక్క రోజులు కూర్చుంది. రోజుకొకసారి అవ్వ దాన్ని ఎత్తి బయట వదిలి, నీళ్లు తాగించి, అది రెట్ట వేసి వచ్చేదాకా గుడ్ల మీద తన పాత కొంగుగుడ్డ కప్పేది. నేనూ రోజూ పోయేవాణ్ణి. అవ్వ అది ప్రేమ అనుకుంది. పిల్లల్ని చూడడానికి బ్లాక్ ఆఫీసరు వచ్చే రోజు దగ్గర పడుతోంది, అంతే.

పన్నెండింటిలో ఐదు పిల్లలయ్యాయి.

"ఐదుల సగమెంత సారూ? సదువుకున్నోనివి, చెప్పు."

"రెండున్నర."

"అర పిల్లను ఏడ కోస్తం? మూడు నాయి. నా కోడి బక్కగయింది, సూడు."

"సరే, మూడు నీవే," అన్నాను. ఇవ్వలేనిది ఇవ్వడానికి నేనెప్పుడూ వెనకాడలేదు.

మూడో రోజు ఆఫీసరు జీపులో వచ్చాడు. పిల్లల్ని చూసి సంతోషించాడు. నా భుజం తట్టాడు. కాగితం అడిగి చదివి, "పటేలు గారింటికి పంపించండి," అన్నాడు. చప్రాసి గంప తెచ్చాడు.

అవ్వ గంపకూ కోడికీ మధ్య నిలబడింది. "దొరా, మూడు నాయి. పాలుకిచ్చిండు గీ సారు. గుడ్లు ముట్టి చెప్పిండు."

ఆఫీసరు నా వైపు తిరిగాడు. కోపంగా కూడా కాదు, నవ్వుతూనే. "ఏమయ్యా, సర్కారు గుడ్లు పాలుకిచ్చావా?"

అవునంటే ఏమయ్యేది? ఒక మెమో వచ్చేది. ఇంక్రిమెంటు ఆగేదేమో. ఉద్యోగం పోయేది కాదు. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు లెక్క వేసి చూశాను, ఉద్యోగం పోయేది కాదు.

"లేదు సార్. ముసలామె, ఏదో పొరబడింది," అన్నాను.

అవ్వ తిడుతుందని ఎదురుచూశాను. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

చప్రాసి పిల్లల్ని గంపలో వేసుకుని కోడిని కూడా పట్టుకోబోతే ఆఫీసరు ఆపాడు. "ఆ కోడి ఎవరిది?"

"అవ్వది సార్."

"అయితే ముట్టుకోవద్దు. ప్రజల ఆస్తి జోలికి మనం పోకూడదు," అన్నాడు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. ఆ రోజు డైరీలో రాసుకున్నాను కూడా.

తల్లి లేని పిల్లలు పటేలు గూట్లో కట్టెల పక్కన ఒకదాన్నొకటి ఒత్తుకుని కూర్చున్నాయి. వాటి అరుపులు గొల్లవాడ దాకా వినిపించేవి. కోడి రెండు రోజులు ఊరంతా తిరిగి పటేలు గోడ దొరకబుచ్చుకుంది. మూడో రోజు గోడ దిగి లోపలికి పోయింది. పటేలు కుక్క పట్టుకుంది. వారం తిరగకముందే పిల్లలూ పోయాయి. ఆ నెల నివేదికలో 'పెరుగుదల తృప్తికరం' అని రాశాను. రాసిన రోజుకు రెండు బతికే ఉన్నాయి, కాబట్టి పూర్తిగా అబద్ధం కాదని నన్ను నేను సముదాయించుకున్నాను.

ఆ తర్వాత చాలా రోజులు గొల్లవాడ వైపు పోలేదు. చివరికి అంగట్లో ఒక మంచి పెట్టను కొని, కాళ్లు కట్టి సైకిలుకు తగిలించుకుని పోయాను. ఏమని చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ పోయాను. నాది తప్పు అవ్వా, అబద్ధమాడిన. ఇవి రెండు మాటలే.

కొట్టంలో అవ్వ లేదు. పొయ్యి రాళ్లు తీసేసి గొర్రెపిల్లల్ని కట్టేశారు. అవ్వ పెద్ద కొడుకు ఇంటి వాకిట్లో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, కోడలి కోసం జొన్నల్లో రాళ్లు ఏరుతోంది.

"అవ్వా, నీకే తెచ్చిన," అని కోడిని చూపించాను.

"నాకేడ జాగ ఉన్నది బిడ్డా? గామెకియ్యి," అంది తల ఎత్తకుండా.

కోడలు కొంగుకు చేయి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. కోడి రొమ్ము నొక్కి చూసింది. "మంచిగ బలిసింది. పండుగకు అక్కరకొస్తది. సర్కారిచ్చిందా సారూ?"

అవ్వ వేళ్లు చాటలో ఆగాయి. ఇప్పుడైనా చెప్పవచ్చు. వినడానికి అక్కడ ఆఫీసరు లేడు, ఒక కోడలు, ఒక ముసలామె. కానీ నేను కొని తెచ్చానంటే ఎందుకు తెచ్చావని అడుగుతుంది.

"అవును, సర్కారిచ్చింది," అన్నాను.

కోడలు కోడిని అత్త ముందు పడేసి లోపలికి పోయింది. అవ్వ చాట పక్కన పెట్టి, దాన్ని దగ్గరికి లాక్కుని, కాళ్లకు కట్టిన తాడు ముడి పళ్లతో విప్పడం మొదలుపెట్టింది. నేను సైకిలెక్కాను.