ఈ బోరు నీళ్ళే తాగుతాను

ఏప్రిల్‌లో మంచు కరిగి నేల మెత్తబడగానే మా రోడ్డు పొడవునా పొలాలకి పేడనీళ్ళు పెడతారు. ఈ ఉదయం వంటింటి కిటికీ తెరిచానో లేదో, ఆ వాసన గుప్పున లోపలికొచ్చి కాఫీ రుచి కూడా చెడగొట్టింది. మా ఆయన కిరణ్ ముక్కు మూసుకుని "జల్ది బంద్ చెయ్యవే" అన్నాడు. నేను వెంటనే మూయలేదు. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు విమల ఆంటీ గుర్తొస్తుంది. ఆవిడ పోయాక ఇది రెండో వసంతం. ఇప్పటికీ ఆవిడ మీద బెంగగానే ఉంది.

విమల ఆంటీ పశువుల డాక్టరు. ఎప్పుడో బాపట్ల నుంచి వచ్చి, విస్కాన్సిన్‌లోని ఈ మారుమూల టౌన్‌లో స్థిరపడి, ఉద్యోగమంతా ఆవులకి పురుళ్ళు పొయ్యడంలోనే గడిపింది. రిటైరయ్యాక టౌన్ బోర్డుకి ఎన్నికైంది. టౌన్ బోర్డంటే మన పంచాయతీ లాంటిదే: ముగ్గురు మెంబర్లు, ఒక చిన్న హాలు, మడత కుర్చీలు. మనిషి పొట్టి, నోరు గట్టి. అమెరికాలో ముందుగా ఫోన్ చెయ్యకుండా మా ఇంటికొచ్చే మనిషి ఆవిడొక్కతే. రాగానే చెప్పులు విప్పి, సింక్ దగ్గరికెళ్ళి, టాప్‌లో వచ్చే మా బోరు నీళ్ళు గ్లాసులో పట్టుకుని తాగేది. నేను ఫ్రిజ్‌లోంచి బాటిల్ తీసిస్తే చిరాకు పడేది.

మేం ఇల్లు కొనుక్కున్న ఏడాది నేను కడుపుతో ఉన్నాను. మా ఎదురు పొలంలో ఒక కంపెనీ పెద్ద డెయిరీ పెడుతోందని, దాని పేడ నిలవ చేయడానికి ఒక గొయ్యి తవ్వుతారని నోటీసు వచ్చింది. నాకు నవ్వొచ్చింది.

"పేడేగా ఆంటీ! మా అమ్మమ్మ రోజూ వాకిట్లో కళ్ళాపి చల్లేది."

"ఒక గేదె పేడ అయితే కళ్ళాపి, అమ్మాయ్. నాలుగు వేల ఆవుల పేడ అయితే చెరువు. అది నేలలోకి దిగిందనుకో, మీ బోరులోకే వస్తుంది. నైట్రేట్ ఎక్కువైన నీళ్ళతో పాలపొడి కలిపి పడితే పసిపిల్లలు నీలంగా అయిపోతారు. పుట్టబోయేదానికి ఏ నీళ్ళు పోస్తావో ఇప్పుడే ఆలోచించుకో."

నా నవ్వు ఆగిపోయింది. కిరణ్‌కి తోచిన మార్గం ఒక్కటే. "ఇల్లు అమ్మేసి మిషిగన్‌ల మనోళ్ళుండే ఫార్మింగ్టన్ హిల్స్ పోదాం. హెచ్-వన్ మీద ఉన్నోళ్ళం, మనకెందుకు ఈ లొల్లి?" సగం మంది మనవాళ్ళు ఇలాగే ఆలోచిస్తారు. వీసా మీద ఉన్నవాళ్ళం అద్దెకున్నట్టు ఉండాలని, నోరెత్తితే ఎక్కడో ఫైల్‌లో రాసుకుంటారని భయం. నేనూ అలాగే అనుకునేదాన్ని.

ఆంటీ ఆ మాట విని ఊరుకోలేదు. "ఓటు వెయ్యడానికి సిటిజన్‌షిప్ కావాలి బాబూ, దాహం వెయ్యడానికి అక్కర్లేదు. బోర్డు మీటింగ్‌లో పబ్లిక్ కామెంట్ అని జనానికి టైమిస్తారు, అందులో ఈ ఊళ్ళో ఉన్న ఎవరైనా మాట్లాడొచ్చు."

అప్పటికే ఆవిడ ఒక ఆర్డినెన్స్, అంటే మా టౌన్ వరకు చెల్లే చట్టం, తయారుచేసింది. డెయిరీని వద్దనే అధికారం టౌన్‌కి లేదని ఆవిడకి తెలుసు. అందుకే వద్దనలేదు. పేడ ఎక్కడ పోస్తారో ముందే చెప్పాలి, బోర్లకి దూరంగా పొయ్యాలి, చుట్టుపక్కల బోర్లను కంపెనీ ఖర్చుతో ఏటా పరీక్ష చేయించాలి. అంతే. అది పాసవ్వాలంటే ఆవిడ ఓటు కాక ఇంకొకటి కావాలి. ఒక మెంబరు ఎలాగూ కంపెనీ పక్షమే. మిగిలింది డేల్, స్వయంగా పాడి రైతు, రూల్స్ అంటేనే గిట్టని మనిషి.

"ఆయన ఆవుకి దూడ అడ్డం తిరిగితే మంచులో వెళ్ళి మీరే కాపాడారుగా. ఒక్క మాట చెప్పండి ఆంటీ, కాదనడు," అన్నాను. తెలిసినవాళ్ళ చేత చెప్పించుకోవడం మనకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

ఆవిడకి కోపమొచ్చింది. "మొహమాటానికి పడిన ఓటు మొహమాటానికే పోతుంది. రేపు కంపెనీవాడు నాకన్నా బాగా తెలిసినవాణ్ణి పంపిస్తే? నువ్వొచ్చి మాట్లాడు. పేరు చెప్పు, రోడ్డు చెప్పు, ఈ బోరు నీళ్ళే తాగుతానని చెప్పు. చాలు."

మీటింగ్ రోజు హాలు నిండిపోయింది. పర్మిట్ ఇచ్చేది రాష్ట్రమని, టౌన్‌కి అడిగే హక్కే లేదని కంపెనీ లాయరు మర్యాదగానే చెప్పాడు. ఆంటీ తన నిదానమైన ఇంగ్లీషులో, "ఆవుల్ని ఆపే హక్కు మాకు లేదు. మా నీళ్ళ గురించి అడిగే హక్కు ఉంది," అంది. తర్వాత నన్ను పిలిచారు. ముందు కుర్చీ పట్టుకుని లేచాను. ఆవిడ నేర్పిన మూడు మాటలూ చెప్పి, పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను.

డేల్ ముందుకు వంగాడు. "మీ బోరు ఎంత లోతు?" అన్నాడు. నాకు తెలియదన్నాను.

"నాకు తెలుసు. అది తవ్వింది మా నాన్న ఉన్నప్పుడే. మా బోరూ అంతే లోతు, అవే నీళ్ళు," అని లాయరు వైపు తిరిగి, ఆర్డినెన్స్‌కి అవునన్నాడు.

కంపెనీ కోర్టుకి వెళ్తానంది కానీ వెళ్ళలేదు. ఆవులు తగ్గించుకుని, గొయ్యి పొలం అవతలి చివరికి జరుపుకుని వచ్చింది. ఏటా ఎవరో వచ్చి మా బోరు నీళ్ళు పరీక్షకి పట్టుకెళ్తారు. మా పాప ఆ నీళ్ళతో కలిపిన పాలే తాగి పెరిగింది, ఇప్పుడు స్కూలుకెళ్తోంది. మా గ్రీన్‌కార్డు మాత్రం ఇంకా క్యూలోనే ఉంది.

ఈ సాయంత్రం మళ్ళీ మీటింగ్. కంపెనీకి ఇంకొన్ని ఆవులు కావాలట, బోర్ల పరీక్షలు ఆపెయ్యాలట. ఈసారి పిలిచినప్పుడు ముందు కుర్చీ పట్టుకోకుండానే లేస్తాను. కాఫీ పారబోసి, కిటికీ మూసి, టాప్ తిప్పి గ్లాసు నిండా నీళ్ళు తాగాను. సాయంత్రం లేచి నిలబడి చెప్పబోయే మాట నిజం కావాలి కదా.