సరిగ్గా నా స్టాపులోనే

ఆదివారం పేజీలో పుస్తకాల గురించి రాసే ఆవిడ ఇంట్లో పుస్తకం తెరవదు. సీటు దొరికితే కూర్చుని, లేకపోతే కడ్డీ పట్టుకుని నిలబడి, ఆఫీసుకి వెళ్ళే బస్సులోనే చదువుతుంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారినా ఎత్తుకోదు, వేలు తడిచేసుకుని పేజీ తిప్పుతుంది. జనం ఎగబడి కొంటున్న పుస్తకానికైనా ఆవిడ కొలత ఒక్కటే: చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయిందా, లేదా? ఏది జరిగితే అదే రాస్తుంది. "పండితులు పెదవి విరిస్తే విరవనీ. బస్సులో నలిగిపోతూ చదివేవాళ్ళకి నిజం ఎవరు చెప్తారు?" అంటుంది.

ఆవేళ ఎడిటర్ ఆవిడ రాసిన కాగితం పట్టుకుని తల గోక్కున్నాడు. ఈసారి ఆవిడ రాసింది ఊరంతా మారుమోగుతున్న ఒక నవల గురించి; ఆ నవల రాసింది ఆయన బావమరిది. "రోజూ సరిగ్గా నా స్టాపులోనే దిగాను" అన్నది ఆవిడ చివరి వాక్యం.

"ఈ ఒక్క ముక్క తీసేద్దామమ్మా. ఇంట్లో మా ఆవిడ నన్ను బతకనివ్వదు."

"తీసేయండి సార్. దాంతోపాటు నా పేరూ తీసేయండి."

"ఇన్ని వేలమంది కొన్నారు, వాళ్ళంతా వెర్రివాళ్ళా?"

"కాదు సార్. కొన్నాక వాళ్ళూ నాలాగే టైముకి దిగిపోయుంటారు."

ఎడిటర్‌కి నవ్వాగలేదు, అయినా వాక్యం కొట్టేశాడు. ఆవిడ అదే పెన్ను అందుకుని తన పేరు కొట్టేసి, వచ్చి బస్సెక్కింది. పండితులంతా చెత్త అని తేల్చిన, అట్ట మీద నెత్తుటి బాకు బొమ్మ ఉన్న నవల సంచీలోంచి తీసింది.

"అమ్మా, ఆఖరి స్టాపు. దిగండి!" అన్నాడు కండక్టర్, ఖాళీ బస్సులో.

"ఉండవయ్యా, ఈ పేజీ అవనీ!"