గొర్రు చేరిన రోజు

విత్తనం వేసే గొర్రులు, నేల చదును చేసే గుంటకలు తయారుచేసే నంద్యాల కార్ఖానాలో నా ఉద్యోగం గడియారం చూడటం. డెబ్బైల చివర్లో చేరి పదేళ్లకు పైగా అదే పని చేశాను. వడ్రంగి కొయ్య చెక్కడానికి ఎంతసేపు పట్టింది, కమ్మరి కర్రులు సాగగొట్టడానికి ఎంతసేపు పట్టింది, సరుకు చెప్పిన రోజుకు గేటు దాటిందా లేదా, అన్నీ రిజిస్టరులో ఎక్కించాలి. నేను వెనక నిలబడగానే వడ్రంగి బీడీ ఆర్పేసి, "వాచీ సారు వచ్చినాడు, ఇంక మనకు చెమట పట్టాల" అనేవాడు. రోజంతా అలా నిలబడి, ఇంటికి వెళ్లేసరికి నా కాళ్లు నావి కానట్టు ఉండేవి.

ఒక ఏడు తొలకరిలో రుద్రవరం నుంచి ఒక రైతు వచ్చాడు. ఆయన గొర్రు విరిగిపోయిందట.

"రాత్రి వాన పడినాదప్పా. నేలలో పదును ఐదు దినాలే నిలుస్తాది. ఆలోగా కొత్త గొర్రు నా చేతిలో ఉండాల. ఉండేది మూడెకరాలు, కొర్ర ఇత్తుకోవాల."

యజమాని నాలుగు రోజులన్నాడు. మేం మూడో రోజే పూర్తిచేసి, ఆయన ఊరికి దగ్గరున్న ఆళ్లగడ్డలో దించమని లారీ ఆఫీసుకు పంపేశాం. రిజిస్టరులో "ఒక రోజు ముందు" అని రాశాను. యజమాని నా భుజం తట్టాడు. పొంగిపోయాను, దాచడమెందుకు.

పదిహేను రోజుల తర్వాత ఆ రైతు మళ్లీ వచ్చాడు. తిడతాడేమోనని ముందే రిజిస్టరు తెరిచి చూపించాను. ఆయన వేలు పెట్టి నింపాదిగా చదివాడు.

"మీ లెక్క బాగానే ఉండాది. లోడు నిండేదాకా లారీ కదల్లేదంట. నేను దినామూ బస్సెక్కి ఆళ్లగడ్డకు పొయ్యేది, ఉత్త చేతుల్తో వచ్చేది. ఎనిమిదో దినం దించినారు. పదును ఆరిపాయ. ఆరిన నేలలోనే ఇత్తినా, ఒక్క మొలకా రాలేదు. మళ్లీ ఇత్తుదామంటే ఇంట్లో గింజల్లేవు." రిజిస్టరు మీద నుంచి వేలు తీయకుండానే అడిగాడు. "గొర్రు నా చేతికి ఎప్పుడు చేరిందో ఈడ యాడ రాసినావప్పా?"

దానికి రిజిస్టరులో గడే లేదు. గేటు దాటితే చేరినట్టేనని అన్నేళ్లూ రాశాను. ఆయన కుండలో నీళ్లు ముంచుకుని తాగి, బస్సుకు టైమవుతోందని వెళ్లిపోయాడు.

మర్నాడు స్కేలు పెట్టి "రైతుకు చేరిన రోజు" అని కొత్త గడి గీశాను. యజమాని చూశాడు.

"ఇదేందీ? గేటు దాటినాక మనకేం సంబంధం? ఇది రాస్తే మన పనంతా ఆలస్యమని తేల్తాది."

ఎర్ర సిరాతో కొట్టేశాడు. నాకు ఆ ఉద్యోగం తప్ప వేరే దారి లేదు. పేజీ తిప్పేశాను.

ఆ సాయంత్రం ఉయ్యాలవాడకు వెళ్లాల్సిన గొర్రు ఒకటి గేటు దాటింది. వాచీ చూసుకుని, "చెప్పిన రోజుకే" అని రాశాను.