దీపాలు పెట్టాక అడిగిన సూది

జగ్గయ్యపేటలో మా బజారు మొత్తం మీద ఇంటికీ ఇంటికీ మధ్య బెత్తెడు ఖాళీ ఉండేది కాదు. ఒకరింట్లో తిరగమోత వేస్తే నాలుగో ఇంట్లో తుమ్మేవారు. ప్రతి ఇంటికీ ముందు కొట్టు, వెనక కాపురం, వీధి వైపు అరుగు. ఆడపిల్లలమంతా ఆ అరుగుల మీదే పెరిగాం. పొద్దున మా అరుగు మీద మొదలైన గచ్చకాయల ఆట, ఎండ తిరిగేసరికి ఎదురింటి అరుగు మీదికి మారేది. ఇది మా అరుగు, లేవండి అన్నవాళ్ళు లేరు. మనవరాళ్ళు అడిగినప్పుడల్లా ఈ కబుర్లన్నీ పూసగుచ్చినట్టు చెబుతాను. ఒక్క సంగతి మాత్రం ఎప్పుడూ దాటేస్తాను. అది ఇక్కడ రాస్తున్నాను.

మాది పచారీ కొట్టు. ఉప్పు, పసుపు, బెల్లం దగ్గర్నుంచి దువ్వెనలు, దారపుండలు, సూదుల దాకా అన్నీ దొరికేవి. గల్లాపెట్టె ముందు కూర్చునేది తాతయ్యే అయినా, కొట్టు నడిపింది నాయనమ్మ. ఎవరింట్లో ఏం వండుకుంటున్నారో, ఎవరికి ఒంట్లో బాగాలేదో, వాళ్ళు కొనే సరుకును బట్టి చెప్పేసేది.

దీపాలు పెట్టాక మా బజార్లో ఏ కొట్టువాళ్ళూ ఉప్పు గానీ సూది గానీ ఇచ్చేవాళ్ళు కాదు. ఇస్తే లక్ష్మి వెళ్ళిపోతుందని. ఇళ్ళల్లో బదులడిగినా అంతే. నాయనమ్మకు ఆ పట్టింపు అందరికంటే ఎక్కువే. కానీ వచ్చినవాళ్ళ మొహం చూసి, ఎందుకు కావాలో అడిగేది. అవసరం నిజమైతే ఉప్పు పొట్లమో సూదో చేతికివ్వకుండా గడప మీద పెట్టి, మొహం అటు తిప్పుకునేది.

"నేనిచ్చింది లేదు. నువ్వే తీసుకున్నావ్. పో, పొయ్యి మీద ఏముందో చూసుకో" అనేది.

నేను పక్కనే కూర్చుని నవ్వేదాన్ని. ఎన్నోసార్లు చూశాను. తెలియదని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

నాకు పదేళ్ళప్పుడు నైజాం రాజ్యంలో గొడవలు ముదిరాయి. కోదాడ వైపు నుంచి బళ్ళ మీద, నడిచీ జనం మా ఊరు వచ్చేశారు. సత్రం నిండిపోయింది. మా బజారు కొసనున్న ఆ సత్రం వసారాలో ఒక తల్లీ కూతురూ ఉండేవారు. తండ్రి వత్సవాయి వైపు పొలం పనులకు పోయి, వారానికోసారి కనిపించేవాడు. ఆ పిల్లది నా ఈడే. మొదట్లో తన మాట విని మేమంతా నవ్వాం. "గట్లనా" అన్నప్పుడల్లా నవ్వాం. ఉడుక్కోకుండా తనూ మాతోపాటు నవ్వేసరికి మాకే విసుగుపుట్టి మానేశాం. నెల తిరక్కుండా మేమిద్దరం ఒకరినొకరు వదిలేవాళ్ళం కాదు. అయిదు గచ్చకాయలు ఎగరేసి అయిదూ చేతి వెనక పట్టడం నాకు నేర్పింది ఆ పిల్లే.

వాళ్ళమ్మ చేత్తో బట్టలు కుట్టేది. మగ దర్జీకి కొలతలివ్వడానికి మొహమాటపడే ఆడవాళ్ళందరికీ ఆమె దొరకడం పండగలాగుంది. కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిందో కనిపించేది కాదు.

ఆ రోజుల్లోనే సత్రం చూసుకునే ఆయన నెలాఖరుకు వసారా ఖాళీ చెయ్యమన్నాడు. ఎక్కడికి పోవాలో వాళ్ళకు తెలియదు. సరిగ్గా అప్పుడే మా ఎదురింటివాళ్ళు కూతుర్ని నందిగామ కాపరానికి పంపుతూ ఆరు జాకెట్లు కుట్టమని ఇచ్చారు. ఎదురింటావిడ మా అరుగు మీద కూర్చుని, అందరూ వింటుండగానే మాటిచ్చింది.

"పిల్ల బండెక్కే వేళకి ఆరూ నా చేతిలో పెట్టు. మా పెరట్లో గది ఖాళీగానే ఉంది, అందులో ఉండండి" అంది.

ఆ పిల్ల సంతోషం ఇంతా అంతా కాదు. నన్ను లాక్కెళ్ళి ఆ గది చూపించింది. పొయ్యి ఎక్కడ పెట్టాలో, తను ఎక్కడ పడుకోవాలో అన్నీ తేల్చేసుకుంది. "ఇగ దినాం నీ ఎదురుంగనే ఉంట" అంది. నాకూ అంతే సంతోషంగా ఉంది. ఆ మాట కూడా రాయాలి, లేకపోతే తర్వాత చేసింది అర్థం కాదు.

ఎదురింటి పిల్లను పంపించే ముందురోజు మధ్యాహ్నం నాయనమ్మ మా ఇద్దరికీ పత్తి ఇచ్చి, కార్తీకానికి వత్తులు చెయ్యమంది. నాకు ఓపిక తక్కువ. ఆ పిల్ల మాత్రం తొడ మీద వేసుకుని ఒక్కొక్కటీ సన్నగా, సమానంగా చేసింది.

"చూడవే ఎంత ముచ్చటగా చేసిందో. నీవి ఎలక తోకల్లా ఉన్నాయి. ఈ పిల్ల మా ఇంట్లో పుట్టాల్సింది" అంది నాయనమ్మ. అని ఊరుకోలేదు. దాన్ని ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వి, నా కోసం తెప్పించిన కనకాంబరాల దండ దాని జడలో పెట్టింది.

మా కొట్లో ఏదైనా ఎవరికైనా ఇవ్వొచ్చు గానీ నాయనమ్మ నా సొత్తు. ఆ పూటంతా మూతి ముడుచుకుని తిరిగాను. ఎవరూ పట్టించుకోలేదు, దాంతో ఇంకా మండింది.

సాయంత్రం దీపాలు పెట్టాక తాతయ్య గుడికి వెళ్ళాడు. నాయనమ్మ దూడను కట్టేయడానికి పెరట్లోకి వెళుతూ "కాసేపు కొట్టు చూడవే" అంది. అప్పుడొచ్చింది ఆ పిల్ల, పరిగెత్తుకుంటూ. జడలో నా పూలు ఇంకా ఉన్నాయి.

"సూది ఇరిగింది. ఉన్నది అదొక్కటే. ఒక సూది ఇయ్యవా? రెండు జాకెట్లకి చేతులు కుట్టేదుంది" అంది.

సూదుల డబ్బా నా తల పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

"దీపాలు పెట్టాక సూది ఇవ్వకూడదు. పొద్దున రా" అన్నాను.

"మీ నాయనమ్మ గడప మీద పెడతది గద. నువ్వూ గట్లనే పెట్టు, నేను తీసుకుంట."

"మా నాయనమ్మ పెడుతుంది. నేను పెట్టను."

"పోనీ నాయనమ్మని పిలువు."

"పూజలో ఉంది. పిలవకూడదు."

దూడ మెడలో గంట చప్పుడు పెరట్లోంచి మా ఇద్దరికీ వినబడుతూనే ఉంది. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నాయనమ్మ వచ్చి "ఎవరే, మాటలు వినబడ్డాయి?" అంటే ఎవరూ రాలేదన్నాను.

ఇంత బజార్లో ఎవరో ఒకరు ఒక సూది ఇవ్వకపోతారా అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కానీ మా బజారు సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

పొద్దున్నే ఎదురింటి ముందు బండి కట్టారు. నాలుగు జాకెట్లు పూర్తయ్యాయి, రెంటికి చేతుల్లేవు. ఎదురింటావిడ ఆ రెండూ పట్టుకుని వీధిలోకొచ్చి, మాట మీద నిలబడనివాళ్ళని ఇంట్లో ఎలా పెట్టుకునేదని అందరి ముందూ అడిగింది. ఆ తల్లి తల వంచుకుని "నాదే తప్పమ్మా, కుట్టలేకపోయిన" అంది తప్ప, సూది ఊసే ఎత్తలేదు. నాయనమ్మ మా అరుగు మీంచి "పోనీ లెద్దూ వదినా, చేతులు అక్కడ కుట్టించుకుంటారు" అని సర్దబోయింది. ఆవిడ వినలేదు. మధ్యాహ్నానికి ఆ గదిలో పత్తిగింజల బస్తాలు వేయించేసింది.

మూడో రోజు వాళ్ళు నందిగామ వెళ్ళిపోయారు. అక్కడ ఎవరో దూరపు చుట్టాలున్నారట. వెళ్ళే ముందు ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. దాని గొంతు వినబడగానే నేను అటక ఎక్కి చింతపండు బుట్టల వెనక కూర్చున్నాను. నాయనమ్మ రెండుసార్లు పిలిచింది. "ఎక్కడికి పోయిందో, ఇప్పుడిక్కడే ఉందమ్మా" అని, అటుకులూ బెల్లం మూటగట్టి ఇచ్చింది. ఆ పిల్ల చాలాసేపు నిలబడింది. నేను పైనుంచి దాని పాపిట చూస్తూ కూర్చున్నాను. దిగలేదు. ఎందుకు దిగలేదో ఇప్పటికీ నాకు సరైన జవాబు దొరకలేదు. సిగ్గే అయ్యుంటుంది, కానీ సిగ్గు అంత బరువుగా ఉంటుందని అప్పటికి తెలియదు.

మరుసటేడు నందిగామలో మా మేనత్తకు నెలలు నిండాయని, నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. బొగ్గుతో నడిచే బస్సు చిల్లకల్లు దాటగానే ఆగిపోయి, మళ్ళీ కదిలేసరికి మధ్యాహ్నమైంది. దారంతా నా భయం ఒక్కటే. నందిగామ పెద్ద ఊరు, వాళ్ళు కనబడరులే అని ధైర్యం చెప్పుకున్నాను. కనబడాలని కూడా అనిపించింది.

బజార్లో ఒక అరుగు మీద ఆ పిల్ల తల్లి కుడుతూ కనిపించింది. నాయనమ్మను చూడగానే బట్ట పక్కన పెట్టి లేచి దగ్గరికొచ్చింది.

"బాగున్నరా పెద్దమ్మా?" అంది. నా తల నిమిరి "ఎంత పొడుగైనవ్ బిడ్డా" అంది.

కాసేపు వాళ్ళ మాటలయ్యాక నాయనమ్మ ఉండబట్టలేక అడిగింది. "అంత చక్కగా కుట్టేదానివి, ఆ రోజు ఏమొచ్చిందే నీకు?"

"సూది ఇరిగె పెద్దమ్మా. పిల్లను మీ కొట్టుకే తోలిన. మీరైతే గడప మీద పెట్టన్న ఇస్తరని. సూదులు అయిపోయినయట గద ఆ పూట? మా పిల్ల వచ్చి చెప్పింది. ఇగ పక్క కొట్లల్ల అడిగితే దీపాలు పెట్టినం పొమ్మన్నరు."

నాయనమ్మ నా వైపు చూసింది. మా కొట్లో సూదులు అయిపోవడమన్నది ఎప్పుడూ లేదని ఆమెకు తెలుసు. ఇప్పుడు అందరి ముందూ నా చెంప పగులుతుందనుకున్నాను. పగిలితే బాగుండుననుకున్నాను.

"అవునమ్మా, ఆ పూట లేవు" అంది నాయనమ్మ.

పిల్ల ఏదని నాయనమ్మే అడిగింది. వాళ్ళ ఊళ్ళో గొడవలు సద్దుమణిగాయని వాళ్ళ నాయన తీసుకుపోయాడట, ఇక ఇటు రాదట, ఒప్పుకున్న కుట్టు అయ్యాక తల్లీ వెళ్ళిపోతుందట. ఏ ఊరో నేను అడగలేదు.

అక్కణ్ణుంచి కదిలాక "నాయనమ్మా, ఆ రోజు..." అన్నాను. "నడువు" అంది. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు. కొట్లో మాత్రం నన్ను మళ్ళీ ఒంటరిగా కూర్చోబెట్టలేదు.

నాయనమ్మ నన్ను కాపాడిందంటే సొంత మనవరాలిని గనక. పదేళ్ళ ఆ పిల్లకు నేనేమవుతాను? ఉండడానికి గది పోయింది, తల్లి నలుగురిలో మాటలు పడింది. అయినా నన్ను చెడ్డదాన్ని చెయ్యలేక, సూదులు లేవని ఇంటికెళ్ళి చెప్పింది. ఎక్కడుందో తెలియదు గనక ఇక్కడ రాస్తున్నాను. ఆ పూట మా కొట్లో సూదులున్నాయి.