తియోడోసియా తవ్వి తీసిన పోంచో

తియోడోసియా మొగుడు జెనోబియోను సైనికులు బంగాళాదుంపల చేలోంచి పట్టుకుపోయి ముప్పై ఎనిమిదేళ్లు. దక్షిణ అమెరికాలోని ఆ ఆండీస్ కొండల్లో ఆమెలాంటి ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. పట్టిన పట్టు విడవకుండా, అక్కడి దేశాలు కలిసి పెట్టుకున్న కోర్టుదాకా వెళ్లింది మాత్రం ఆవిడే. అతని ఎముకలు వెతికి ఇంటివాళ్లకు అప్పగించమని కోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ కోర్టుకు పోలీసులు లేరు, జైళ్లు లేవు. చేయగలిగిందల్లా ఏడాదికోసారి 'దొరికాడా?' అని అడగడం, దొరికేదాకా ఫైలు మూయకపోవడం. ప్రభుత్వం ఊళ్లో శిలాఫలకం పెట్టింది, క్షమాపణ చదివింది, ఎముకల సంగతి మాత్రం నానుస్తూ వచ్చింది.

నిరుడు ఆవిడకు జబ్బు చేసింది. "నేను పోతే మీ నాన్నను ఎవరు సాగనంపుతారే?" అని కూతురు నీవెస్ దగ్గర ఏడ్చింది. శవం దొరకనివాళ్లకు బట్టలు పాతిపెట్టడం అక్కడి ఆనవాయితీ. జెనోబియో చలికి కప్పుకునే ఉన్ని పోంచో, టోపీ పెట్టెలో పెట్టి, అక్కడివాళ్లు పవిత్రమనుకునే కోకా ఆకులు చల్లి, ఊరంతా ఏడ్చి సాగనంపింది. పూలదండతో వచ్చిన ప్రభుత్వ ఆఫీసరు ఎంతో మర్యాదగా ఫోటోలు తీసుకున్నాడు. పాపం, మంచివాడే అనుకున్నారు.

మూడు నెలలకు, తియోడోసియా కేసు చూసే లాయరమ్మ ఫోన్ చేసింది. ఆ ఫోటోలు కోర్టుకు చేరాయట. 'అంత్యక్రియలు ముగిశాయి, ఇక కేసు మూసేయండి' అని ప్రభుత్వంవాళ్లు రాశారట. ఎంత సిగ్గులేని రాత!

తియోడోసియా పార పట్టుకుని శ్మశానానికి నడిచింది.

"అమ్మా, పడుకున్న నాన్నను లేపుతావా?" నీవెస్ అడ్డం పడింది.

"ఇందులో మీ నాన్న లేడే! ఉన్నాడని వాళ్లు రాశారు. లేడని నేను చూపించాలి."

తవ్వినంతసేపూ, తప్పైపోయిందయ్యా అని భర్తకు చెప్పుకుంటూనే ఉంది.

మట్టి పట్టిన ఆ పోంచోను, కోర్టు ఉన్న శాన్ హొసే నగరానికి తీసుకెళ్లి న్యాయమూర్తుల ముందు పరిచింది. "దులిపి చూడండయ్యా, ఎముక ఒక్కటైనా రాలుతుందేమో!" ఫైలు మూయబోమని, మళ్లీ అడుగుతామని కోర్టు చెప్పింది. గెలుపంటే అంతే.

ఇంటికొచ్చాక నీవెస్ మెల్లగా అడిగింది. "అమ్మా, బట్టలు మళ్లీ పాతిపెడదామా? ఈసారి మనిద్దరమే."

ముసలామె చాలాసేపు ఏడ్చింది.

"వద్దే తల్లీ. మన ఏడుపు ముగిసిందని తెలిస్తే, వాళ్లు వెతకడం మానేస్తారు."