నీళ్ల గంట ప్రారంభోత్సవం

ఉద్యోగం వచ్చిన కొత్తలో ఎవరికైనా లోకంలోని వంకరలన్నీ తన చేత్తోనే సరిచేయాలనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకు ఆ పిచ్చి మరీ ఎక్కువ. బహదూర్‌పల్లి నుంచి బస్సులు మారి, మేడ్చల్ అవతల ఒక ఊరి బడికి వెళ్లేదాన్ని. పిల్లలు నన్ను ‘పొట్టి టీచర్’ అనేవారు (వెనకాలే అనేవారు, కాకపోతే నాకు వినపడేంత గట్టిగా). ఒంటిపూట బళ్లు మొదలయ్యేసరికి నా మూడో తరగతిలో ఆడపిల్లలు జ్వరమని, కడుపునొప్పని ఒకరి తర్వాత ఒకరు మానేయసాగారు. అందరిలోకీ వాగుడుకాయ, మేము ‘రేడియో’ అని పిలుచుకునే పిల్ల, చాలా రోజులు రాకపోయేసరికి వాళ్లింటికే వెళ్లాను. వాళ్లమ్మ కుర్చీ వేసి, “డాక్టర్‌కు సూపెట్టినం టీచరమ్మా. నీళ్లు సక్కగ తాగుతలేదంట, ఒంటికొస్తే ఆపుకుంటాందంట. గందుకే జరమొస్తాందన్నడు,” అంది.

మర్నాడే బడిలో నీళ్ల గంట పెట్టించాను. గంట మోగగానే అందరూ సీసా ఎత్తి తాగాలి. మగపిల్లలు తాగారు (ఒకరి నెత్తిన ఒకరు పోసుకున్నారు కూడా). ఆడపిల్లలు మాత్రం పెదవులు తడుపుకుని మూత పెట్టేశారు. కోలుకుని వచ్చిన రేడియోను అడిగితే, “తాగితే ఒంటికొస్తది గద టీచర్. మగపోరగాండ్లు గోడెన్కకు పోతరు. మేం యాడికి పోవాలె?” అంది.

బడికి మరుగుదొడ్డి ఉంది. దానికి తాళమూ ఉంది. ఊళ్లో ప్లాట్ల వ్యాపారం చేసే పటేల్, బడికి ప్రహరీ గోడ కట్టించిన చనువుతో, తన మనుషుల చేత ఫ్లెక్సీలూ సభల కుర్చీలూ అందులో పెట్టించి తాళం వేయించారు. తెరిపించమంటే మా పెద్దసారు, “గాయనతోని మనకెందుకమ్మా పరేషాన్,” అని హాజరు పట్టీలో తల దూర్చారు.

ఎవరినీ అడగకుండా పటేల్ ఇంటికి వెళ్లి, నీళ్ల గంట ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథిగా పిలిచాను (అది ఎప్పుడో మొదలైందని చెప్పలేదు). సభలో అందరి ముందూ తాళం సంగతి మర్యాదగా అడగాలని నాలుగు వాక్యాలు బట్టీ పట్టాను. ఆయన ఇస్త్రీ చొక్కాలో, ఫొటోలు తీసే కుర్రాడితో వచ్చారు. గంట కొట్టి, పిల్లలతో పాటు చెంబెడు నీళ్లు తాగారు. ఫొటో సరిగా రాలేదంటే మళ్లీ తాగారు. పెద్దసారు తెప్పించిన మజ్జిగా తాగారు. ఆ తర్వాత పాటలు, డాన్సులు, బడి పుట్టుక నుంచి మొదలుపెట్టిన పెద్దసారు ప్రసంగం. ఆ ప్రసంగం బడికి రెండో గది కట్టిన సంగతి దగ్గరకు వచ్చేసరికి పటేల్ కుర్చీలో అటూ ఇటూ కదిలి, నావైపు వంగి, “టీచరమ్మా, జర బాత్రూమ్ యాడుంది?” అన్నారు.

నా నాలుగు వాక్యాలూ ఎగిరిపోయాయి. ముందు వరుసలోంచి రేడియో లేచి చేతులు కట్టుకుంది. “తాళమేసుంది పటేలా. చాబి మీ ఇంట్లనే ఉంది. మేమైతే ఇంటికి పోయేదాంక ఆపుకుంటం. మీరు గూడ ఆపుకోండ్రి.”

 ఆ పిల్ల ఎగతాళికి అనలేదు, నిజంగానే సాయం చేద్దామని చెప్పింది. పటేల్ డ్రైవర్‌ను తాళంచెవికి పంపారు. “జల్దీ రా” అన్న కేక చెరువు కట్ట దాకా వినపడి ఉంటుంది. తలుపు తీయగానే ఫ్లెక్సీలో నవ్వుతూ దండం పెడుతున్న ఆయనే ఆయన మీద పడ్డారు. కుర్చీలు తానే బయటికి విసిరి లోపలికి వెళ్లారు. తిరిగొచ్చాక ఆడపిల్లల వైపు చూసి, “గింత సిన్న పిల్లలు రోజు గిట్లనే ఆపుకుంటున్నరా సారూ?” అన్నారు. పెద్దసారు తలూపారు. పటేల్ తాళంచెవి నా చేతిలో పెట్టి, “ఇగ తాళమెయ్యకు బిడ్డా,” అన్నారు. ఆ వారంలోనే అందులో నీళ్ల నల్లా కూడా పెట్టించారు.

ఆ రోజు నుంచి గంట మోగితే ఆడపిల్లలే ముందు సీసాలు ఖాళీ చేసేవారు. సెలవులిచ్చేదాకా జ్వరమని ఒక్కరూ మానలేదు. నేను ఊళ్లో నడుస్తుంటే లోకాన్ని జయించిన మహారాణిలా నడిచేదాన్ని (ఎత్తు సరిపోయేది కాదు గానీ).

ఇప్పుడు నేనూ ఒక బడికి పెద్ద టీచర్నే. ఏ అతిథిని పిలవాలన్నా పైవాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు సరేనంటేనే పిలుస్తాను. భయమంటే ఏమిటో ఇంకా ఎవరూ నేర్పని ఆ పొట్టి టీచర్ అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. ఎలాగైనా ఆమెను మా బడికి బదిలీ చేయించుకోగలిగితే బాగుండుననిపిస్తుంది.